గార్డుల శిబిరం మంచిదే, కరపత్రంలోని డ్రాఫ్ట్ మాటే సరికాదు: రాయగడ వేసవి శిక్షణపై ఒక తల్లి సమీక్ష

2025 మే నెలలో మా అమ్మాయిని ఒడిశాలోని రాయగడలో 30 రోజుల బాస్కెట్‌బాల్ శిబిరంలో చేర్పించాము. తనకు 16 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బడి జట్టులో గార్డుగా, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపే స్థానంలో, ఆడుతుంది. వేసవి శిబిరాలు మాకు తెలిసినవి ఇంకా ఉన్నా, గార్డులకు మాత్రమే అని పెట్టినది ఇదొక్కటే కనబడింది కనుక దీనినే ఎంచుకున్నాము. శిక్షణ ఉదయం 5.30 నుంచి 8 గంటల వరకు. ఎండ ముదిరిన తరువాత సిమెంటు నేల మీద పిల్లలు నిలవలేరు కాబట్టి ఆ వేళ సరైనదే. 30 రోజుల్లో 26 రోజులు నేనే వెంట వెళ్లి గట్టు మీద కూర్చుని చూశాను, తక్కిన నాలుగు రోజులూ మావారు వెళ్లారు. ఒక్క మనిషి నడుపుకుంటున్న చిన్న శిబిరం కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు; రాయగడలో బంతి పట్టుకుని తిరిగే ఏ పిల్లను అడిగినా చోటు చూపిస్తుంది.

రుసుము 3,000 రూపాయలు. 24 మంది పిల్లలు చేరారు, వారిలో 9 మంది అమ్మాయిలు. గుణుపురం నుంచి, పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ బంధువుల ఇళ్లలో నెల రోజులు ఉండి నేర్చుకున్నవారు కూడా ఉన్నారు. నేర్పే సారు గుణుపురం వైపు పాత తెలుగు కుటుంబానికి చెందినవారు, వయసులో ఉన్నప్పుడు తానూ గార్డుగా ఆడినవారు. మైదానంలో ఒడియా, తెలుగు, ఇక్కడి కోందు గిరిజనుల భాష కువి మూడూ వినిపిస్తాయి. ఏ పిల్లకు ఏ మాట తొందరగా తలకెక్కుతుందో సారుకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఆయన పంచిన కరపత్రంలో మాత్రం "వృత్తి క్రీడల డ్రాఫ్ట్‌కు మొదటి మెట్టు" అని పెద్ద అక్షరాలతో వేయించారు. డ్రాఫ్ట్ అంటే అమెరికా వృత్తి జట్లు ఏటా కొత్త క్రీడాకారులను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. ఈ సమీక్ష రాయాలని అనుకోవడానికి ఆ శిక్షణ ఎంత కారణమో ఈ మాట కూడా అంతే కారణం.

ముందు శిక్షణ గురించి చెబుతాను, కట్టిన డబ్బుకు విలువ దొరికింది అక్కడే. బంతి చేతికి వచ్చిన జట్టు 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో బుట్టకు గురిపెట్టి వేయాలి. ఆ 24 సెకన్లలో ఎక్కువ సేపు బంతి ఉండేది గార్డు చేతిలోనే. బంతిని ముందుకు తెచ్చేది తనే, ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో చూసేది తనే, ఎవరికి ఏ క్షణాన అందించాలో తేల్చేదీ తనే. అందుచేత గార్డుకు చేతి పని ఎంతో కంటి పని అంత. ఇదివరకు మా అమ్మాయి వెళ్లిన చోట్ల చేతి పని మాత్రమే నేర్పారు. కాళ్ల మధ్య నుంచి బంతి తిప్పడం, వీపు వెనుక నుంచి మార్చడం పిల్లలకు సరదాగా ఉండేవి, చూసే మాకూ ముచ్చటగానే ఉండేవి. ఆటలో ఎదురుగా ఒక మనిషి వచ్చి నిలబడేసరికి ఏం చేయాలో తెలియక బంతి పోగొట్టుకునేది. ఈ శిబిరంలో మొదటి పది రోజులు అలాంటి విన్యాసం ఒక్కటి కూడా నేర్పలేదు. కొందరు తల్లిదండ్రులు అడిగారు కూడా. సారు "అవి పిల్లలు ఫోనులో చూసి నేర్చేసుకుంటారండి, ఇది ఎవరూ నేర్పరు" అన్నారు.

ఆయన "ఇది" అన్నది ఏమిటో మొదటి రోజు అభ్యాసం చూస్తే తెలుస్తుంది. సారు వెనక్కి నడుస్తూ ఒక చేతి వేళ్లు ఎత్తి చూపిస్తారు. పిల్ల బంతిని నేలకు కొడుతూ ముందుకు వస్తూ ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. రెండడుగులకు ఒకసారి వేళ్లు మారతాయి. తల వంచి బంతిని చూసుకున్నవారికి అంకె తప్పుతుంది. మా అమ్మాయి ఆ రోజు 20 సార్లలో 7 సార్లే సరిగా చెప్పింది. గట్టు మీద నుంచి నాకు స్పష్టంగా కనబడింది: కుడి చేత్తో కొట్టినంత సేపూ చూపు పైనే ఉండేది, బంతి ఎడమ చేతికి మారగానే గడ్డం కిందికి దిగేది, పెదవి పంటి కిందికి వెళ్లేది, అడుగు పొట్టిదయ్యేది. సారు కసురుకోలేదు. "బంతి ఎక్కడికి పోతాదమ్మా, నీ చేతి కిందే ఉంటాది, నువ్వు మనుషుల్ని చూడు" అన్నారు. ఒడియా పిల్లలకు "ఉపరకు దేఖ" అని అదే మాట. మూడో వారానికి సారు పక్కకు తప్పుకుని, కుడివైపు ఒక అబ్బాయిని, ఎడమవైపు ఒక అబ్బాయిని నిలబెట్టి ఇద్దరి చేత వేళ్లు చూపించారు. పిల్ల రెండూ కూడి చెప్పాలి. మా అమ్మాయి అప్పటికి 20కి 16 చెప్పగలిగింది. ఇంట్లో కూడా కూరలు తరుగుతూ వాళ్ల నాన్నను వేళ్లు చూపించమని అడగడం మొదలుపెట్టింది. కత్తిపీట దగ్గర ఆ ఆట వద్దని నేను గట్టిగా చెప్పవలసి వచ్చింది.

రెండో ముఖ్యమైన పాఠం స్క్రీన్. జట్టులో పొడవైన మనిషి వచ్చి, మన గార్డును వెంటాడుతున్న ఎదుటి మనిషికి అడ్డుగా గోడలా నిలబడుతుంది. ఆ అడ్డును ఆనుకుని మన గార్డు దాటుతుంది. ఇక్కడి నుంచి ఏం చేయాలన్నది ఎదుటి మనిషి తప్పించుకునే తీరును బట్టి ఉంటుంది. అతను అడ్డుకు వెనుక నుంచి చుట్టి వస్తే మన ముందు ఖాళీ దొరికింది కనుక అక్కడే ఆగి బంతి వేయాలి. అడ్డుకు ముందు నుంచి మనల్ని రాసుకుంటూ వస్తే బుట్ట వైపు దూసుకుపోవాలి. ఇద్దరూ కలిసి మన మీదికి వస్తే, అడ్డు నిలిచిన మనిషి అప్పటికే బుట్ట వైపు తిరిగి ఉంటుంది కనుక ఆమెకు అందించాలి. అమెరికాలో వృత్తి జట్లు ఒక గార్డును ఎంచుకునే ముందు ఎంతో శ్రద్ధగా చూసే విషయాల్లో ఇది ఒకటి. మా సారు దీనిని నేర్పడానికి వాడినవి మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వెదురు కర్ర, ఆ కర్ర చివర కట్టిన కొబ్బరి ఈనెల చీపురు. కుర్చీలు అడ్డు, చీపురు పొడవైన మనిషి చెయ్యి. పిల్ల అడ్డు దాటగానే చీపురు ఒక్కోసారి మొహం ముందుకు లేస్తుంది, ఒక్కోసారి నడుము దగ్గర అడ్డం పడుతుంది. పైకి లేస్తే బంతిని నేలకు ఒకసారి కొట్టి కింద నుంచి పంపాలి, నడుము దగ్గరికి వస్తే తల మీదుగా పంపాలి. చీపురు ఏ వైపు కదులుతుందో సారు ముందు చెప్పరు.

శిబిరం చివరి వారం పిల్లల మధ్య ఆటలు పెట్టారు. 27వ రోజు ఆటలో మా అమ్మాయి అడ్డు దాటుతూ ఉన్నట్టుండి జోరు తగ్గించింది. పరుగు ఆపలేదు, సగానికి తగ్గించింది. వెంట వస్తున్న పిల్ల తన జోరు మీద తానే ఒక అడుగు ముందుకు వెళ్లిపోయింది, బుట్ట కింద కాపలా ఉన్న పిల్ల ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలిచింది. ఆ ఇద్దరి మధ్య బారెడు ఖాళీ ఏర్పడింది. బంతి నేలకు తగిలి ఆ ఖాళీలోంచి గుణుపురం అమ్మాయి చేతిలో పడింది. ఆమె వేసిన బంతి బుట్టలో పడలేదు. అయినా సారు ఆట ఆపించి చప్పట్లు కొట్టారు, ఎందుకు కొట్టారో పిల్లలందరికీ వివరించారు. జోరు పెంచడం అందరికీ వస్తుందని, తగ్గించడం వచ్చినవారే గార్డులని ఆయన నెల పొడుగునా చెబుతూ వచ్చారు. ఆ రోజు నాకూ అర్థమైంది.

ఆదివారం సాయంత్రాలు సారు ఇంటి వరండాలో లాప్‌టాప్ పెట్టి ఆటల దృశ్యాలు చూపించేవారు. ఈ భాగం కరపత్రంలో లేనే లేదు, నాకు మాత్రం శిబిరంలో ఎంతో నచ్చిన వాటిలో ఇది ఒకటి. అమెరికా మహిళల వృత్తి లీగ్ డబ్ల్యుఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 2024 ఏప్రిల్ 15న అందరికంటే ముందు ఎంపికైన కెయిట్లిన్ క్లార్క్ గార్డే. 2025లో ముందు ఎంపికైన పెయిజ్ బెకర్స్ కూడా గార్డే. క్లార్క్ అయోవా విశ్వవిద్యాలయానికి ఆడి 3,951 పాయింట్లతో అమెరికా కళాశాల క్రీడలో పై శ్రేణి (డివిజన్ 1) రికార్డు నెలకొల్పి వచ్చింది. అంతటి క్రీడాకారిణి ఇండియానా ఫీవర్ జట్టు తరఫున ఆడిన మొదటి ఆటలోనే 20 పాయింట్లు సాధించి, 10 సార్లు బంతి పోగొట్టుకుంది. సారు మొదటి ఆదివారం చూపించింది ఆ 20 పాయింట్లను కాదు, ఆ పది తప్పులను. ఒక్కొక్కటి ఆపి, ఇక్కడ చూపు ఎటు ఉంది, సహచరి ఎటు కదిలింది, అందించడం అరక్షణం ముందయిందా వెనకయిందా అని పిల్లల చేతనే చెప్పించారు. అదే ఏడాది క్లార్క్ 337 అసిస్టులతో (సహచరి బుట్టలో వేసేలా బంతి అందించడం) లీగ్‌లో ఒక సీజన్ రికార్డు కూడా నెలకొల్పింది, బంతి పోగొట్టుకోవడంలోనూ 223 సార్లతో రికార్డు ఆమెదే. ఎక్కువగా అందించేవారే ఎక్కువగా పోగొట్టుకుంటారని, భయపడి పక్కనున్న మనిషికి బంతి ఇచ్చేసి చేతులు దులుపుకునే గార్డుకు తప్పులు తక్కువే గాని జట్టుకు ప్రయోజనమూ తక్కువేనని సారు చెప్పిన తీరు, తప్పు చేస్తానని బిక్కుబిక్కుమనే మా అమ్మాయికి ఎంతో ధైర్యమిచ్చింది.

ఇక డ్రాఫ్ట్ మాటకు వస్తాను. కరపత్రం చదివి చేర్పించిన తల్లిదండ్రులను నేను స్వయంగా చూశాను. డ్రాఫ్ట్ అంటే పోటీ పరీక్ష లాంటిదని, ర్యాంకు వస్తే ఉద్యోగం వచ్చినట్టేనని వారిలో కొందరు అనుకున్నారు. అది నిజం కాదు. ఆ లీగ్‌లో 2024 వరకు 12 జట్లు ఉండేవి, ఒక్కో జట్టులో ఉండగలిగినవారు గరిష్ఠంగా 12 మంది. ప్రపంచం మొత్తానికి కలిపి 144 చోట్లు. 2024 డ్రాఫ్ట్‌లో మూడు విడతల్లో 36 మంది పేర్లు పిలిచారు. పేరు పిలిచినంత మాత్రాన జట్టులో చోటు దక్కినట్టు కాదు. తరువాత జరిగే శిక్షణ శిబిరంలో నెగ్గుకు రాలేకపోతే సీజన్ మొదలవకముందే పంపించేస్తారు, ప్రతి ఏటా అలా వెనక్కి వెళ్లేవారు చాలామందే ఉంటారు. వయసు నిబంధన కూడా ఉంది. అమెరికా కళాశాలలో చదవని విదేశీ అమ్మాయికి డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 20 ఏళ్లు నిండాలి. 16 ఏళ్ల పిల్ల ముందు ఆ మెట్టు ఎంత దూరాన ఉందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

డబ్బు విషయంలోనూ అపోహ ఉంది. 2024లో మొదట ఎంపికైన క్లార్క్‌కు లీగ్ ఇచ్చిన తొలి ఏడాది జీతం 76,535 డాలర్లు. అదే ఏడాది పురుషుల డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైన ఆటగాడి తొలి ఏడాది జీతం కోటి డాలర్లు దాటింది. మన దేశం నుంచి ఇంతవరకు జరిగింది చూసినా ఆ మెట్టు ఎంత కష్టమో తెలుస్తుంది. 2011లో మూడు డబ్ల్యుఎన్‌బీఏ జట్లు పరీక్షించి చూసేందుకు పిలిచిన గీతు అన్నా జోస్, మన దేశం తరఫున ఎన్నో ఏళ్లు ఆడి దక్షిణ రైల్వేకు పేరు తెచ్చిన క్రీడాకారిణి. ఆమెకు కూడా అక్కడ చోటు దొరకలేదు. పురుషులలో పంజాబ్‌కు చెందిన సత్నాం సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ పేరుగా ఎంచుకుంది. మన దేశంలో పుట్టి ఆ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే, అయినా అక్కడి పురుషుల లీగ్ ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఈ ఇద్దరూ చేసినది చిన్న పని అని నేను అనడం లేదు. వారి శ్రమ ముందు నేను చేతులెత్తి మొక్కుతాను. నా అభ్యంతరమల్లా, ఇంత కఠినమైన విషయానికి 3,000 రూపాయల శిబిరాన్ని మొదటి మెట్టు అని అచ్చు వేయించడం మీదనే.

ఎత్తు తక్కువని వెనకాడే పిల్లలకు మాత్రం ఈ డ్రాఫ్ట్ చరిత్రలో నేర్చుకోవలసినది ఉంది, సారు దానిని చెప్పారు కూడా. సరిగ్గా మా అమ్మాయంత ఎత్తు, 5 అడుగుల 5 అంగుళాలు ఉన్న క్రిస్టల్ డేంజర్‌ఫీల్డ్ 2020లో రెండో విడతలో 16వ పేరుగా మిన్నెసోటా జట్టుకు ఎంపికై, ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారిణి పురస్కారం గెలుచుకుంది. రెండో విడతలో ఎంపికైనవారికి ఆ పురస్కారం రావడం అదే మొదటిసారి. 5 అడుగుల 6 అంగుళాల బెకీ హామన్‌ను 1999లో ఏ జట్టూ ఎంచుకోలేదు. అయినా ఆమె అదే లీగ్‌లో పదహారు సీజన్లు ఆడి 2023లో బాస్కెట్‌బాల్ మహామహుల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. సారు చెప్పకుండా వదిలేసినది ఒకటుంది, నేను ఇంటికి వచ్చి మా అమ్మాయికి చెప్పాను: ఆ పురస్కారం అందుకున్న డేంజర్‌ఫీల్డ్‌ను రెండేళ్లకే, 2022 మే నెలలో, మిన్నెసోటా జట్టు వదులుకుంది. అది కూడా తెలిస్తేనే పిల్లకు ఆ దారి ఎలాంటిదో పూర్తిగా తెలుస్తుంది.

15వ రోజు కొలతల కార్యక్రమం జరిగింది. షికాగోలో డ్రాఫ్ట్‌కు ముందు పురుష ఆటగాళ్లకు జరిపే కొలతలను చూసి సారు ఇక్కడ కూడా పెట్టారు. బూట్లు విప్పించి ఎత్తు కొలిచారు, గోడకు వీపు ఆనించి రెండు చేతులూ చాపించి సుద్దముక్కతో గీతలు పెట్టి బార కొలిచారు, చేతికి సుద్దపొడి రాయించి ఎగిరించి గోడ మీద అచ్చు పడిన చోటు వరకు కొలిచారు. అమెరికాలో వింగ్‌స్పాన్ అని ఎంతో గొప్పగా చెప్పుకునేది మన బారే. మా అమ్మాయి బార తన ఎత్తు కంటే 6 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. తను ఇప్పటికీ తలుపు చట్రం దగ్గర నిలబడి చేతులు చాపి చూసుకుంటూ ఉంటుంది. ఈ కొలతలు బాగానే తీశారు గాని మళ్లీ 30వ రోజు తీసి పోల్చి చూపిస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. పరుగు సమయం ఫోనుతో చూశారు, దాని మీద ఆధారపడలేము.

లోపాలలో మొదటిది బంతులు. పురుషులు ఆడేది 7వ సైజు బంతి, చుట్టుకొలత సుమారు 75 సెంటీమీటర్లు. మహిళలకు 6వ సైజు, సుమారు 72 సెంటీమీటర్లు, బరువు కూడా తక్కువ. ప్రపంచమంతటా మహిళల పోటీలు ఆ చిన్న బంతితోనే జరుగుతాయి. శిబిరంలో ఉన్నవన్నీ 7వ సైజువే. వాటితో పది రోజులు అభ్యాసం చేసేసరికి మా అమ్మాయి బంతి వేసే తీరు మారిపోయింది. మణికట్టు బలం చాలక భుజంతో తోయడం అలవాటయింది. నేను సారుతో మాట్లాడాను. ఆయన వాదించలేదు, "మీరన్నది నిజమేనండి" అని మరో నాలుగు రోజులకు 6వ సైజు బంతులు మూడు తెప్పించారు. తొమ్మిది మంది అమ్మాయిలకు మూడు బంతులు చాలవు, కాని వినే గుణం ఉన్నందుకు ఆయనను మెచ్చుకోవాలి.

రెండోది మూడు పాయింట్ల గీత. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అది 6.75 మీటర్ల దూరంలో ఉండాలి, డబ్ల్యుఎన్‌బీఏ కూడా అదే దూరాన్ని పాటిస్తుంది. మైదానంలో గీత దగ్గరగా ఉందని మా అమ్మాయికే అనుమానం వచ్చింది. వాళ్ల నాన్న టేపు పట్టుకుని కొలిస్తే సరిగ్గా 6.25 మీటర్లు. 2010లో నిబంధన మారకముందు వేసిన గీతను ఎవరూ చెరపలేదన్నమాట. అర మీటరు తేడా అంటే గార్డుకు చిన్న విషయం కాదు. దగ్గర గీత మీద నేర్చుకున్న పిల్ల అసలు పోటీకి వెళితే బంతి బుట్టను చేరక ముందే పడిపోతుంది. ఆ సాయంత్రమే సారు, ఇద్దరు అబ్బాయిలు కలిసి తాడు పట్టుకుని సున్నంతో కొత్త గీత వేశారు. రెండు వానలకు అది చెరిగింది, మళ్లీ వేశారు. రంగు వేయించి ఉంటే బాగుండేది.

మూడోది, నన్ను నిజంగా బాధపెట్టినది, పిల్లల శరీర రక్షణ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, రెండు కాళ్ల మీద మెత్తగా దిగడం సారు రోజూ చేయించారు. అమ్మాయిలకు మోకాలి స్నాయువు తెగే ప్రమాదం అబ్బాయిలకంటే ఎక్కువ; పెయిజ్ బెకర్స్ అంతటి క్రీడాకారిణి 2022లో మోకాలి స్నాయువు తెగి ఒక సీజన్ మొత్తం ఆడలేకపోయింది. కాబట్టి ఆ అభ్యాసం ఎంతో అవసరం, అది చేయించినందుకు కృతజ్ఞురాలిని. కాని నేల మాత్రం పగుళ్లు తేలిన సిమెంటు. 19వ రోజు ఒక పిల్లకు పగులులో కాలు పడి చీలమండ బెణికింది. శిబిరంలో మంచు ముక్క కూడా లేదు. నేనే రోడ్డు మీదికి పరుగెత్తి సోడా బండి అతన్ని అడిగి, తువ్వాలులో మంచుగడ్డ చుట్టి తెచ్చాను. ఆ పిల్ల తల్లి ఊళ్లో లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లే వరకు నా చెయ్యి పట్టుకునే ఉంది. 24 మంది పిల్లలను ఎగిరించే చోట ఒక ప్రథమ చికిత్స పెట్టె, ఒక మంచు డబ్బా ఉండి తీరాలి. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, మరుగుదొడ్డి తాళంచెవి కాపలాదారు వచ్చేవరకు దొరకదు. ఈ రెండూ సరిచేయకపోతే అమ్మాయిల సంఖ్య వచ్చే ఏడాది తొమ్మిది నుంచి తగ్గుతుంది గాని పెరగదు.

చివరగా వీడియో. మరో 1,500 రూపాయలు కడితే పిల్ల ఆటను చిత్రించి, "డ్రాఫ్ట్ ఫైలు" పేరుతో పెద్ద జట్ల ప్రతినిధులకు పంపుతామన్నారు. ఎవరికి పంపుతారని అడిగితే ఒక్క పేరు కూడా చెప్పలేకపోయారు. మేము కట్టలేదు. కట్టినవారి పిల్లల వీడియోలు చూశాను: మూడు నిమిషాలు, వెనుక పాట, బుట్టలో పడిన బంతులు మాత్రమే. గార్డును అంచనా వేయాలంటే ఒక ఆటను మొదటి నుంచి చివరి వరకు చూడాలి. బంతి పోయిన తరువాత ఎలా వెనక్కి పరుగెత్తింది, అలసిపోయినప్పుడు ఎవరికి అందించింది అన్నవి అందులోనే తెలుస్తాయి. ఇదే సారు ఆదివారం నాడు పిల్లలకు నేర్పిన పాఠం, అందుకే ఈ వీడియో నాకు మరీ కష్టంగా తోచింది. ఈ పథకం సారు తలపెట్టినది కాదని, చిత్రించే కుర్రవాళ్లు ఒప్పించారని తరువాత విన్నాను. ఎవరిదైనా, శిబిరం పేరు మీద జరుగుతున్నప్పుడు దాని బాధ్యత శిబిరానిదే.

మా అమ్మాయికి నిజంగా అందుబాటులో ఉన్న దారి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆ తరువాత రైల్వేలో క్రీడా కోటా. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఎన్నో ఏళ్లుగా అన్నం పెట్టినది రైల్వేనే. కరపత్రంలో ఆ మాట వేయిస్తే అది అబద్ధం కాదు, పైగా రాయగడ లాంటి రైల్వే ఊళ్లో తల్లిదండ్రులకు వెంటనే అర్థమవుతుంది. ఈ సలహా సారుకు చివరి రోజున చెప్పాను, ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నారు.

దసరా సెలవులకు పది రోజుల శిబిరం పెడుతున్నారు. రుసుము 1,200 రూపాయలు, కట్టేశాము. రసీదులో వీడియో అని ఉన్న గడిని సారు చేతనే కొట్టివేయించి, అమ్మాయిలకు 6వ సైజు బంతులు కనీసం ఆరు ఉండాలని కింద రాయించుకున్నాము.